ప్రిష్టినాలో న్యూబార్న్: దగ్గరికెళ్లి చదివితేనే చూసినట్టు

కొసావో రాజధాని ప్రిష్టినాకి వెళ్లిన పర్యాటకుల్లో ఎక్కువమంది న్యూబార్న్ దగ్గర ఐదు నిమిషాలకు మించి నిలబడరు. ‘కొత్తగా పుట్టినది’ అనే అర్థమొచ్చే ఆ మాటని రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన ఏడు పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు అవి. ఏడూ ఫ్రేములో పట్టేంత దూరం జరిగి ఒక ఫొటో తీసుకుంటారు, ఆనక రివ్యూల్లో ‘ఉత్త అక్షరాలే, చూడ్డానికి ఏముంది’ అని రాసి రెండు చుక్కలిచ్చి పోతారు. అంత దూరం నుంచి చూసినవాళ్లకి అంతకంటే కనిపించదు కూడా. మూడడుగుల దగ్గరికి వస్తే సంగతి మారిపోతుంది. పేర్లు, ఊళ్లు, తేదీలు, ప్రేమలు, ఫుట్‌బాల్ జట్ల గుర్తులు, పార్టీ నినాదాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అల్బేనియన్ మాట్లాడే ఇలాంటి నగరాల్లో ఎవరు మొదలెట్టారో తెలియకుండా నోటి నుంచి గోడకి, గోడ నుంచి ఫోనుకి పాకిపోయే మాటలు చాలా ఉన్నాయి. వాటిని ఒకేచోట చదవాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. ఐదుకి నాలుగున్నర చుక్కలు. తగ్గిన ఆ అర చుక్క సంగతి ముందుకెళ్తే తెలుస్తుంది.

ముందు వస్తువు వివరాలు. 2008 ఫిబ్రవరి 17న కొసావో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అదే రోజున ఈ అక్షరాలకి తెర తీశారు. రూపకల్పన ఫిస్నిక్ ఇస్మాయిలిది, ఆయనతో పనిచేసిన ప్రకటనల బృందానిది. అక్షరాల ఎత్తు సుమారు 3 మీటర్లు, వరస పొడవు సుమారు 24 మీటర్లు. మొదట్లో అన్నిటికీ నిండు పసుపు రంగు వేశారు. వెనక కనిపించే పెద్ద కాంక్రీటు భవనం యువజన, క్రీడా భవనం. యుగోస్లావియా రోజుల్లో 1977లో తెరిచారు. కలిసి ప్రాణాలిచ్చిన ఒక సెర్బు, ఒక అల్బేనియన్ గెరిల్లా పేర్లు కలిపి అప్పట్లో దానికి బోరో, రమీజ్ అని పేరు పెట్టారు. టికెట్టు లేదు, గేటు లేదు, వేళలు లేవు. అర్ధరాత్రయినా చూడొచ్చు.

తెర తీసిన రోజున మొదట అధ్యక్షుడు ఫాత్మిర్ సెయ్దియు, ప్రధాని హాషిమ్ థాచి అక్షరాల మీద సంతకం చేశారు. వాళ్ల వెనక జనం మార్కర్లు పట్టుకుని వచ్చారు. లక్షన్నర మంది సంతకాలు పడ్డాయని చెబుతారు. ఈ స్మారకం తీరుని అక్కడి నుంచే అర్థం చేసుకోవాలి. గోల్కొండ గోడల మీద పేర్లు చెక్కితే అది కోటకి గాయం. ఇక్కడ పేరు రాయడంతోనే కట్టడం పూర్తవుతుంది. అక్షరాలు ప్రభుత్వం నిలబెట్టిన పలక అనుకుంటే, రాత మొత్తం జనానిది. సంతకం పెట్టినవాళ్లలో 1998-99 యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి విమానం దిగి నేరుగా వచ్చినవాళ్లున్నారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు సంతకంతో ఆగలేదు, మాటలు కూడా రాశారు. ఆచారం అలా మొదలై నేటికీ నడుస్తోంది.

రెండో ముఖ్యమైన సంగతి రంగు. ఏటా ఫిబ్రవరి 17కి అక్షరాలకి కొత్త వేషం వేస్తారు. 2013లో కొసావోను గుర్తించిన దేశాల జెండాలు వేశారు. 2014లో సైనిక దుస్తుల మచ్చల రంగు. 2017లో రెండు అక్షరాలు, మొదటి ‘ఎన్’, మూడో ‘డబ్ల్యూ’, నేల మీద పడుకోబెట్టి, ‘గోడలు వద్దు’ అనే అర్థం వచ్చేలా మలిచారు. ఆ రోజుల్లో కొసావో జనం వీసా లేకుండా యూరప్‌లోని చాలా దేశాల్లోకి అడుగుపెట్టే వీలు లేదు, ఆ వీలు 2024 జనవరి 1న గానీ రాలేదు. కాబట్టి 2017 నాటి ఆ మాట అక్కడివాళ్లకి ఎంత గట్టిగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2018లో పదేళ్లు నిండినప్పుడు నడిమి ‘బి’, ‘ఓ’ల స్థానంలో ఒకటి, సున్నా పెట్టి పదిని ఇరికించారు.

కొత్త రంగు పడిన ప్రతిసారీ కిందటి ఏడాది రాతలన్నీ పోతాయి. ఇది దారుణమని బాధపడే సందర్శకులు ఉంటారు, ముఖ్యంగా తమ పేరు రాసి వచ్చినవాళ్లు. కానీ ఈ చెరిపివేత లేకపోతే కొన్నేళ్లకే ఖాళీ జాగా మిగిలేది కాదు, తర్వాత వచ్చిన పిల్లలకి చోటుండేది కాదు. పండక్కి వాకిలి అలికి కొత్త ముగ్గు పెట్టుకున్నట్టే ఉంటుంది ఈ పద్ధతి. అర చుక్క తగ్గించింది మాత్రం ఇందుకే. చెరిగిన పొరల్ని అక్షరాల దగ్గర నిలబడి చూసే దారి లేదు. ఏ ఏడు ఏం రాశారో తెలియాలంటే ఆ ఏడు తీసిన ఫొటోల మీద ఆధారపడాల్సిందే.

కాబట్టి వెళ్లే నెలని బట్టి చూసేది మారుతుంది. ఫిబ్రవరి 17 నుంచి వారం పది రోజులు రంగు తాజాగా ఉంటుంది, రాతలు పలచన. ఆ ఏటి డిజైన్ శుభ్రంగా ఫొటో తీసుకోవాలనుకునేవాళ్లకి ఆ వారం సరైనది. జులై, ఆగస్టుల్లో విదేశాల్లో స్థిరపడిన కొసావోవాళ్లు సెలవులకి ఊళ్లకి దిగుతారు. పెళ్లిళ్లన్నీ అప్పుడే. రాతలు చిక్కబడేది కూడా అప్పుడే. చదవడానికే వెళ్తున్నట్టయితే ఆగస్టు చివర గానీ సెప్టెంబరు గానీ మేలు. జనవరిలో పాత డిజైన్ చివరి దశలో ఉంటుంది, ఎండకి వెలిసిన మార్కరు, వానకి కారిన సిరా, చలి వల్ల రాసేవాళ్లు తక్కువ. అయినా ఒక ఏడాది పోగంతా ఒకేసారి చదవాలంటే ఆ నెలే దొరుకుతుంది.

చదవడానికీ ఒక పద్ధతుంది. ఎడమ చివర మొదలుపెట్టి ముందు వైపంతా నడవండి, తర్వాత వెనక వైపు తిరగండి, ఆఖర్న అక్షరాల పక్క అంచులు, ‘ఓ’ లోపలి వంపు చూడండి. భూమి నుంచి ఒక మీటరు వరకు పిల్లల రాతలు, ఒకటి నుంచి రెండు మీటర్ల మధ్య పెద్దలవి. ఆ పట్టీలోనే రద్దీ ఎక్కువ, ఒకరి మాట మీద ఇంకొకరిది ఎక్కేదీ అక్కడే. రెండు మీటర్లు దాటి రాసి ఉందంటే ఎవరో భుజాలెక్కి రాసినట్టు, అంటే ఇద్దరు కలిసి వచ్చినట్టు. అలాంటివి ఎక్కువగా ప్రేమికులవో స్నేహితుల జట్లవో అయి ఉంటాయి. పొద్దున తొలి ఎండలో, సాయంత్రం వాలుటెండలో పక్కనుంచి చూస్తే పాత పెయింట్ మార్కరు గీతల ఉబ్బు కొత్త రంగు కింద సన్నగా తెలిసే వీలుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం ఆ తేడా పట్టుకోలేరు.

రాతల్లో కొన్ని రకాలు గుర్తుపట్టడం తేలిక. రెండు పేర్ల మధ్య కూడిక గుర్తు. ఒక ఇంటిపేరు, పక్కన యూరప్ నగరం పేరు, అది వలస కుటుంబం. అంకెతో ఏడాది, దాని ముందు తరగతి పేరు, అది బడి దాటిన బ్యాచ్. ‘ప్లిసాత్’ అని ఉంటే ఎఫ్‌సీ ప్రిష్టినా అభిమానుల జట్టు, ‘దార్దానత్’ అని ఉంటే జాతీయ జట్టు అభిమానులు. ‘టోర్సీడా’ కనిపిస్తే మిట్రోవిత్సా వైపు వాళ్లు వచ్చి వెళ్లారన్నమాట. మూడు పెద్దక్షరాలతో ‘ఊ చె కా’ అని ఉంటే అది కొసావో విమోచన సైన్యం పేరు. 1999 తర్వాత ఆ మూడక్షరాలు లేని పల్లె గోడ ఉండేది కాదు.

ఈ గోడల మాటల్లో అన్నిటికంటే ఎక్కువ దూరం వెళ్లింది ‘బాత్స్, ఉ క్రూ’. ‘బాత్స్’ అనేది పెద్దవాళ్లని గౌరవంగా, చనువుగా పిలిచే పిలుపు. ‘పెదనాన్నా, పనైపోయింది’ అంటే మనకి దగ్గరగా వస్తుంది. ఇక్కడ ఆ పెద్దాయన ఆదెమ్ యాషారి. 1998 మార్చిలో ప్రేకాజ్ గ్రామంలో సెర్బియా బలగాలు ఇల్లు చుట్టుముట్టినప్పుడు కుటుంబంలోని యాభై మందికి పైగా బంధువులతో సహా చనిపోయాడు. స్వాతంత్ర్య ప్రకటన వేళ ఈ మాట ఆయన బొమ్మతో పెద్ద బ్యానర్‌గా యువజన భవనం మీదే, అంటే న్యూబార్న్ వెనకే, వేలాడింది. పోయినవాడికి బతికున్నవాళ్లు అప్పజెప్పిన కబురు అది. తర్వాత అది టీషర్టుల మీదికి, ప్రొఫైల్ బొమ్మల మీదికి, పోస్టుల కింది కామెంట్లలోకి వెళ్లిపోయింది. నవ్వులాటకి వాడినట్టు కనిపించినా, మీరు మాత్రం అలా వాడకండి. అది చావుతో ముడిపడిన మాట.

ఆ మాట ఉన్న చోటికి నాలుగడుగుల దూరంలో గోడరాత రాజకీయంగా ఎంత పనిచేయగలదో కూడా చూడొచ్చు. 2005లో ‘వెతెవెందోస్యె’ అనే ఉద్యమం మొదలైంది, పేరుకి అర్థం స్వయంనిర్ణయం. ఐక్యరాజ్యసమితి పాలన నడుస్తున్న కాలం అది. ‘చర్చలొద్దు, స్వయంనిర్ణయం’ అని స్టెన్సిల్ పెట్టి నగరమంతా స్ప్రే చేశారు. ఐరాస వాహనాల తలుపుల మీద ఉండే ‘యు’, ‘ఎన్’ అక్షరాలకి ముందొకటి, వెనకొకటి అక్షరం చేర్చి, అల్బేనియన్‌లో ‘ముగింపు’ అని చదివేలా మార్చారు. రెండక్షరాల పెట్టుబడితో అంత పదునైన మాట చెప్పడం మామూలు విషయం కాదు. ఆ ఉద్యమం తర్వాత పార్టీ అయింది, ఆ రోజుల్లో అరెస్టయిన దాని నాయకుడు అల్బిన్ కుర్తి 2020లో ప్రధాని అయ్యాడు. పాత స్టెన్సిళ్లు చాలావరకు సున్నం కింద పోయాయి. ప్రధాన వీధులు వదిలి పక్క సందుల్లో, ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాల మీద, అపార్టుమెంట్ల వెనక గోడల మీద వెతకండి. నిఖార్సయిన రాతలు ఎప్పుడూ అలాంటి చోట్లే మిగులుతాయి.

ఇక మీరు కూడా రాయాలనుకుంటే పెన్ను దగ్గరే సగం పని చెడుతుంది. మామూలు పర్మనెంట్ మార్కరు లేత రంగు మీద బాగానే కనిపిస్తుంది గానీ ఎండకి నెలల్లో వెలిసిపోతుంది. నలుపు కాస్త నిలుస్తుంది, ఎరుపు, గులాబీ ముందు పోతాయి. ముదురు రంగు డిజైన్ ఉన్న ఏడాది ఆ మార్కరు అసలు కనిపించదు, అప్పుడు తెలుపో వెండి రంగో పెయింట్ మార్కరు కావాలి. పెయింట్ మార్కర్లు రెండు రకాలు. నూనె ఆధారితం లోహానికి గట్టిగా పట్టుకుంటుంది, కానీ మండే ద్రావకం ఉంటుంది కాబట్టి విమానంలో తీసుకెళ్లనివ్వకపోవచ్చు. నీటి ఆధారిత అక్రిలిక్ రకం తీసుకెళ్లొచ్చు, అయితే చలి పది డిగ్రీల లోపుంటే సరిగా ఆరదు, ఆరకముందు వాన పడితే కారిపోతుంది. ప్రిష్టినా సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది. ఫిబ్రవరి రాత్రుళ్లు సున్నాకి కిందికి దిగుతాయి. చలికాలం వెళ్తే ఊళ్లోనే స్టేషనరీ దుకాణంలో నూనె రకం కొనుక్కోండి, వేసవిలో అక్రిలిక్ చాలు.

తెలుగులో రాసేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి ఉన్నాయి. మొన మందం 4, 5 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఒక మిల్లీమీటరు మొనతో రాస్తే రెండడుగుల దూరం నుంచి కూడా చదవలేరు. 15 మిల్లీమీటర్ల వెడల్పు మొన పెడితే ‘ఘ’, ‘ఝ’ లోపలి జాగా పూడుకుపోయి ముద్దవుతుంది. 4 మిల్లీమీటర్ల మొనకి అక్షరం 5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, వరసకీ వరసకీ మధ్య ఇంకో 5 సెంటీమీటర్లు వదలాలి. లేకపోతే ‘శ్రీకాకుళం’ లోని క్రారవడి, ‘సత్యనారాయణ’ లోని యవొత్తు కింది వరస తలకట్టుని ఢీకొంటాయి. రాసే ముందు పొడిగుడ్డతో దుమ్ము, తేమ తుడవండి. పెన్నుని అర నిమిషం ఊపండి. మొనని కాగితం మీద నొక్కి రంగు దిగిందో లేదో చూడండి, లోహం మీద నొక్కితే ఒక్కసారిగా బొట్టు పడి కిందికి కారుతుంది. చలిలో పెన్ను కోటు లోపలి జేబులో పెట్టుకుంటే రంగు బాగా జారుతుంది. రాశాక ఐదు నిమిషాలు తాకకండి, ఆనుకుని ఫొటో దిగకండి. కోటు మీద అచ్చుపడేది అప్పుడే.

మర్యాదల విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. కొత్త రంగు వేసిన మొదటి రోజుల్లో రాయకండి. పేరు పక్కన రెండు ఏళ్లు, మధ్యలో గీత ఉంటే అది పోయినవాళ్ల జ్ఞాపకం, దాని మీద రాయడం తప్పు. స్ప్రే డబ్బా వద్దు, ఒక్క స్ప్రే నలభై మంది చేతిరాతని మింగేస్తుంది. రాతకి చోటిచ్చే ఆచారం ఈ ఏడు అక్షరాలకే, పక్కనున్న వేటికీ కాదు. రోడ్డుకి ఆవల ‘హెరోయినాత్’ స్మారకం ఉంది. 2015 జూన్‌లో ఆవిష్కరించారు, రూపకర్త ఇలిర్ బ్లాక్‌చోరి. ఒక స్త్రీ ముఖాన్ని 20,145 చిన్న పతకాలతో మలిచారు. యుద్ధంలో అత్యాచారానికి గురైన మహిళల అంచనా సంఖ్య దాదాపు 20,000, ఆ పతకాలు వాళ్ల గుర్తు. దాన్ని తాకి ఆడుకోవడం, పతకాల మధ్య కాగితాలు దూర్చడం ఎవరూ చేయకూడదు. నేషనల్ లైబ్రరీ ఆవరణ పక్కనే సగంలో ఆగిపోయిన సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చి కూడా ఉంది. దాని గోడల మీద రాతలుంటాయి, చూసి మీరూ ఒకటి కలపాలనిపించవచ్చు. వద్దు. అది రెండు జాతుల మధ్య ఇంకా తేలని వివాదం, బయటివాళ్లు వేలు పెట్టే చోటు కాదు.

రాతలు అర్థం చేసుకోవడానికి అందరూ ఫోన్ కెమెరా అనువాద యాప్ మీద ఆధారపడతారు. గోడ మీద దాని పనితనానికి ఐదుకి రెండున్నర ఇస్తే ఎక్కువే. హోటల్ మెనూ, మ్యూజియం బోర్డు బాగానే చదువుతుంది. చేతిరాత దగ్గర తడబడుతుంది, అందుకు కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. అల్బేనియన్ లిపిని 1908లో మనాస్తీర్ మహాసభలో ఖాయం చేశారు, 36 అక్షరాలు. వాటిలో రెండింటికి చుక్కలో తోకో ఉంటాయి. ఫోన్‌లో టైపు చేసేవాళ్లు, గోడ మీద గబగబా రాసేవాళ్లు వాటిని వదిలేస్తారు, దాంతో ఒక పదం ఇంకో పదంలా కనిపిస్తుంది. ఇంకో చిక్కు మాండలికం. 1972లో అల్బేనియా రాజధాని తిరానాలో ఖాయమైన ప్రామాణిక భాష ఎక్కువగా దక్షిణాది తోస్క్ యాస మీద నిలబడింది. కొసావోలో ఇంట్లో, వీధిలో మాట్లాడేది ఉత్తరాది గేగ్. గోడ మీద జనం రాసేది మాట్లాడే భాషే, యాప్ నేర్చుకున్నది ఎక్కువగా పుస్తకాల భాష.

పని జరగాలంటే ఇలా చేయండి. బయల్దేరే ముందే అల్బేనియన్, ఇంగ్లిష్ ప్యాకులు ఫోన్‌లోకి దించుకోండి. యూరప్ దేశాల సిమ్‌లతో వచ్చే ఉచిత రోమింగ్ కొసావోకి వర్తించదు, నెట్ ఆన్ చేసి ఉంటే బిల్లు పేలుతుంది. లైవ్ కెమెరా వదిలేసి, ఎదురుగా నిలబడి ఫొటో తీసి, ఒక్క వాక్యం మాత్రమే ఉండేలా కత్తిరించి ఇవ్వండి. తెలుగులోకి నేరుగా మార్చమనకుండా ఇంగ్లిష్‌లో చూసుకుంటే తప్పులు తక్కువ. అప్పటికీ అర్థం కాకపోతే పదాల్ని చేత్తో టైపు చేసి, చుక్కల అక్షరం ఉండాల్సిన చోట పెట్టి చూడండి. పొట్టి పేర్లు, పార్టీ గుర్తులు, ఫ్యాన్ జట్ల మాటలు అనువాదానికి లొంగవు. వాటికి పక్కనున్న కుర్రాళ్లని అడగడమే మందు. కొసావో యువతలో ఇంగ్లిష్, జర్మన్ వచ్చినవాళ్లు ఎక్కువ, అడిగితే విసుక్కోకుండా విడమరిచి చెబుతారు.

నెట్‌లో ఉన్న న్యూబార్న్‌ని కూడా చూసి రావాలి, చెరిగిన పొరలన్నీ అక్కడే ఉన్నాయి గనక. ఫొటో యాప్‌లో ఈ చోటి ట్యాగ్ తెరిచి, 2013, 2014, 2017, 2018 ఫిబ్రవరి, మార్చి నెలల దాకా వెనక్కి వెళ్లండి. ముందు వైపు ఫొటోలు దాటేసి, జనం ఆనుకుని దిగినవి పెద్దవి చేసి చూడండి. వాళ్ల భుజాల పక్కన ఆ ఏటి రాతలు చదవగలిగేలా దొరుకుతాయి. ఆ ఫొటోల్లో చాలామంది రెండు చేతులూ బొటనవేళ్ల దగ్గర మెలిపెట్టి రెండు తలల గద్ద ఆకారం చూపిస్తుంటారు. అల్బేనియా జెండాలోని గద్ద అది. 2018 ప్రపంచ కప్‌లో సెర్బియా మీద గోల్ కొట్టి స్విట్జర్లాండ్ ఆటగాళ్లు జాకా, షచీరీ ఈ గుర్తు చూపించినందుకు ఫిఫా ఒక్కొక్కరికి 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. తర్వాతే అది ఇంకా పాకింది. సరదాకి మీరూ అలా ఫొటో దిగి, రేపు సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వెళ్లాల్సి ఉంటే మాత్రం పోస్టు చేయకండి.

పిల్లల పేర్లలోనూ ఇదే తరహా జానపదం కనిపిస్తుంది. 1999లో సెర్బియా బలగాల మీద జరిగిన నాటో దాడుల తర్వాత పుట్టిన మగపిల్లల్లో కొందరికి అప్పటి బ్రిటన్ ప్రధాని ఇంటిపేరుతో సహా ‘టోనిబ్లేర్’ అని పెట్టారు, ‘క్లింటన్’లు కూడా ఉన్నారు. న్యూబార్న్ నుంచి పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే బిల్ క్లింటన్ వీధిలో ఆయన విగ్రహం వస్తుంది. 2009 నవంబరు 1న ఆయనే వచ్చి తెర తీశాడు. ఎత్తు మూడున్నర మీటర్లు, చేతిలో కాగితం. పక్కనే ‘హిల్లరీ’ అని ఆడవాళ్ల బట్టల దుకాణం పెట్టుకున్నారు. విగ్రహం మలిచిన తీరు సాధారణమే, ఒక్క ఫొటో చాలు. దారిలో లైబ్రరీ దగ్గర ఆగండి. 1982లో కట్టింది, పైన 99 గుమ్మటాలు. మదర్ థెరిసా కెథడ్రల్ గంటస్తంభం మీదికి లిఫ్టు ఉంది, ఒకటి రెండు యూరోలు తీసుకుంటారు, పైనుంచి లైబ్రరీ గుమ్మటాలన్నీ ఒక్క చూపులో అందుతాయి. ఆమె పుట్టింది పొరుగు దేశం ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో, అల్బేనియన్ కుటుంబంలో. కోల్‌కతా నుంచి కాకపోయినా ఇండియా నుంచి వచ్చామంటే చాలు, ఇక్కడ కాఫీ దగ్గర మాట కలుస్తుంది. మకియాటో ఒకటి, ఒకటిన్నర యూరోలు, యూరప్‌లో ఆ ధరకి ఇంత మంచిది దొరకడం కష్టం.

గోడల మీద నిజంగా గొప్ప బొమ్మలు కావాలంటే ఫెరిజాయ్ పట్టణం నయం, మ్యూరల్ పండగలు అక్కడ జరుగుతాయి. కానీ అవి చిత్రకారుల పని, పిలిచి గీయించినవి. అల్బేనియాలో ఇంకొక రకం చూడొచ్చు. బెరాత్ దగ్గర ష్పిరాగ్ కొండ మీద 1968లో నియంత ఎన్వెర్ హోజా పేరుని ‘ఎన్వెర్’ అని వంద మీటర్లు మించిన అక్షరాల్లో రాళ్లతో పేర్పించారు. పాలన కూలాక దాన్ని పేల్చి చెరపాలని చూసినా పూర్తిగా పోలేదు. 2012లో కళాకారుడు అర్మాందో లులాయ్, ఊరివాళ్లతో కలిసి మొదటి రెండు అక్షరాలూ తారుమారు చేసి, ఇంగ్లిష్‌లో ‘ఇంకెన్నడూ వద్దు’ అనే అర్థం వచ్చేలా చేశాడు. పైనుంచి రుద్దిన అక్షరాన్ని జనం వశం చేసుకోవడంలో ఇది న్యూబార్న్‌కి అన్న లాంటిది. అయితే బెరాత్ కోట మీదినుంచి దూరాన కనిపించేదే గానీ దగ్గరికెళ్లి చదివేది కాదు.

వెళ్లే దారులు. ప్రిష్టినా విమానాశ్రయానికి జర్మనీ, స్విట్జర్లాండ్ నగరాల నుంచి నేరుగా విమానాలు చాలా ఉన్నాయి, అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకి ఇదే సులువైన మార్గం. విమానాశ్రయం నగరానికి సుమారు 15 కిలోమీటర్లు. తిరానా నుంచి బస్సులో నాలుగైదు గంటలు, స్కోప్యే నుంచి రెండు గంటల పైచిలుకు. ఖర్చంతా యూరోల్లోనే.

కాగితాల దగ్గర జాగ్రత్త. కొసావోను ఒక దేశంగా భారత్ గుర్తించలేదు, ప్రిష్టినాలో మన రాయబార కార్యాలయం లేదు, పాస్‌పోర్టు పోతే పని కష్టం. బహుళ ప్రవేశాల షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి చెల్లే ఉమ్మడి వీసా) గానీ షెంగెన్ నివాస కార్డు గానీ ఉంటే 15 రోజుల వరకు విడిగా వీసా అడగరు. ఒకే ప్రవేశం ఉన్న షెంగెన్ వీసాతో వెళ్తే తిరిగి జర్మనీలోకి రాలేరు, ఎందుకంటే కొసావో షెంగెన్‌లో లేదు. టికెట్టు కొనేముందు కొసావో విదేశాంగ శాఖ తాజా నియమాలు చూసుకోండి. ఇంకొకటి, తిరానా, స్కోప్యే లేదా విమానం ద్వారా కొసావోలోకి వచ్చి అక్కడినుంచి నేరుగా సెర్బియాలోకి వెళ్లబోతే సరిహద్దులో వెనక్కి పంపుతారు. సెర్బియా లెక్కలో మీరు దాని గడప దాటి రాలేదు. బెల్‌గ్రేడ్ కూడా చూడాలంటే అదే ముందు చూసి ఇటు రండి, లేదా ఉత్తర మాసిడోనియా మీదుగా తిరిగి వెళ్లండి.

భవనాలు, కోటలు, కొండలు చూడాలని వచ్చేవాళ్లు ఒక్క ప్రిష్టినా కోసం రెండు రోజులు కేటాయించనక్కర్లేదు, వాళ్లకి ప్రిజ్రెన్ పట్టణం నచ్చుతుంది. గోడలు చదివే అలవాటున్నవాళ్లు పూర్తి ఒక పూట న్యూబార్న్‌కి ఇవ్వండి. పొద్దున ఎనిమిదికల్లా అక్షరాల దగ్గర, పదింటికి హెరోయినాత్, తర్వాత కాఫీ, లైబ్రరీ, గంటస్తంభం, క్లింటన్ వీధి, తిరిగి సాయంత్రం వాలుటెండకి మళ్లీ అక్షరాల దగ్గరికి. పొద్దున వెలుగు సరిగా పడని వైపు రాతలు అప్పుడు తీసుకోండి.